స్విస్ గడియారాల ముద్రలు చదవడం – 3వ పాఠం: వెండి కేసు, ఎలుగుబంట్లు

గత పాఠంలో బంగారం కేసుల మీది హెల్వెటియా (స్విట్జర్లాండ్‌కు ప్రతీకైన స్త్రీమూర్తి) తల, ఉడుత గుర్తులు చూశాం. ఈసారి వెండి. పాత పాకెట్ వాచీల్లో మన చేతికి ఎక్కువగా వచ్చేవి వెండివే. ఎక్కువమంది మోసపోయేదీ వాటి దగ్గరే.

ముందు మూత తెరవడం. అంచున గోరు పట్టే చిన్న సందు ఉంటుంది, అక్కడినుంచి నెమ్మదిగా ఎత్తండి. చాకు మొన మాత్రం పెట్టకండి. వెండి మెత్తన, గీత పడితే పడినట్టే. చాలా వాచీలకు వెనక రెండు మూతలుంటాయి. బయటి మూత తీశాక మిషన్‌ను కప్పి ఉండేది లోపలి మూత. రెండింటినీ పదిరెట్లు చూపే ఐ-గ్లాస్‌తో చూడండి. లైటు పైనుంచి కాకుండా పక్కనుంచి వాలుగా పడాలి. అప్పుడే అరిగిపోయిన ముద్ర అంచులకు నీడ వచ్చి ఆకారం తేలుతుంది.

స్విట్జర్లాండ్ 1880 డిసెంబరు 23 నాటి చట్టంతో, లోహం స్వచ్ఛతను తెలిపే ముద్రలను దేశమంతటికీ ఒకే రకంగా తెచ్చింది. వెండిలో రెండు స్థాయిలు పెట్టింది. 0.875 స్వచ్ఛతకు (అంటే వెయ్యి పాళ్లలో 875 పాళ్లు వెండి) వెనక కాళ్ల మీద నిలబడ్డ ఎలుగుబంటి, 0.800కి గ్రౌస్ అనే అడవికోడి. బొమ్మతోపాటు పరీక్ష చేసిన కార్యాలయాన్ని తెలిపే బుల్లి అక్షరం కూడా ఉంటుంది: ‘జి’ అయితే జెనీవా, ‘సి’ అయితే లా షో-ద-ఫోన్, ‘బి’ అయితే బియెన్. అక్షరం అరిగిపోతే ఊహించి రాసుకోవద్దు, ఖాళీగా వదిలేయండి.

ఇక ఈ పాఠానికి అసలు విషయం. కొన్ని కేసుల్లో ఒక్కచోటే మూడు ఎలుగుబంట్లు కనిపిస్తాయి: రెండు పెద్దవి, ఒకటి చిన్నది. పక్కన 0.935 అని అంకె. బ్రిటన్ 1887లో సరుకుల మీది గుర్తుల గురించి కఠినమైన చట్టం చేసింది. అక్కడి ప్రామాణిక వెండి అయిన స్టెర్లింగ్ స్వచ్ఛత 0.925. ఆ మార్కెట్ పోకుండా స్విస్ వాళ్లు దానికంటే ఒక మెట్టు పైన 0.935 స్థాయి పెట్టుకుని, దానికి ఈ మూడు ఎలుగుబంట్ల గుర్తు వేశారు. తర్వాత 1907 జూన్ 1 నుంచి బ్రిటన్‌కు దిగుమతయ్యే వెండి, బంగారు కేసులను అక్కడి కార్యాలయాల్లోనే పరీక్షించి ముద్ర వేయడం తప్పనిసరైంది. కాబట్టి బ్రిటన్‌లో అమ్ముడైన వాచీలో మూడు ఎలుగుబంట్లు ఉండి బ్రిటిష్ ముద్ర ఏదీ లేకపోతే, అది దాదాపుగా 1887, 1907ల మధ్యదే. ఒక్క బొమ్మతో లోహం, మార్కెట్, కాలం మూడూ తెలిసిపోతాయి. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముద్ర ఇదే.

ఇప్పుడు జాగ్రత్తలు. లోపలి మూత మీద ‘క్యువెట్ మెటల్’ అని ఉంటే, ఆ మూత మామూలు లోహం అని అర్థం. బయటి కేసు వెండిదే కావచ్చు. అమ్మేవాళ్లు మొత్తం బరువుకు వెండి ధర కడితే ఒప్పుకోకండి. ‘ఆర్జెంటాన్’, ‘న్యూసిల్బర్’, ‘అల్పాకా’ అనేవి రాగి, నికెల్, జింక్ కలిపిన మిశ్రమాలు. వాటిలో వెండి బొత్తిగా ఉండదు, పేరు మాత్రం వెండిలా వినిపిస్తుంది. డయల్ మీది ‘బాంబే–కలకత్తా’ లాంటి రాతలు అమ్మిన కంపెనీ ఊళ్లు. కేసు లోహం గురించి అవేమీ చెప్పవు.

సాధన: ఒక వాచీ తీసుకుని బయటి మూత, లోపలి మూత, నడిమి కేసు ముద్రలను మూడు వేర్వేరు గళ్లలో బొమ్మ గీసి రాయండి. కేసు నంబరు చివరి అంకెలు మూడుచోట్లా కలుస్తున్నాయేమో సరిచూడండి. కలవకపోతే ఏదో ఒక మూత మరో వాచీది అయ్యుండొచ్చు. వచ్చే పాఠంలో 1907 తర్వాతి బ్రిటిష్ దిగుమతి ముద్రలు, వాటిలోని సంవత్సరపు అక్షరాలు.