చీమల బారు దారి ఎలా ఎంచుకుంటుందో ఇంట్లోనే పరీక్షించండి

చీమల బారుకు నాయకుడంటూ ఎవరూ ఉండరు. తిండి దొరికిన చీమ తిరిగొస్తూ పొట్ట చివరను నేలకు ఆనించి వాసన గుర్తు పెడుతుంది. వెనకొచ్చేవి ఆ గుర్తు పట్టుకుని నడుస్తాయి, తామూ పెడతాయి. ఆ వాసన నిలవదు, ఆవిరైపోతుంది. దారి చెడినప్పుడు బారును ఆదుకునేవి ఆ ఆవిరవడం, వరస తప్పి తిరిగే నాలుగు చీమలు.

పెద్ద పళ్ళెంలో వేలెడు లోతు నీళ్లు పోసి, ఒకే ఎత్తున్న రెండు గిన్నెలు బోర్లించండి. ఒకదాని మీద సీసా మూతలో పంచదార నీళ్లు (చెంచా పంచదారకు నాలుగు చెంచాల నీళ్లు). రెండోది, చీమలు నేల నుంచి ఆ తిండికి చేరే అట్ట వంతెనకు ఆనుడు. అదీ నీళ్లలోనే ఉండాలి, లేకపోతే చీమలు దాని మీదుగా ఎక్కి అడ్డదారి పడతాయి.

వంతెనను ఒకే అట్టలో కత్తిరించండి. అతుకులుంటే చీమలు అక్కడ తటపటాయిస్తాయి, టేపు జిగురుకు అంటుకుంటాయి. అత్తరు వాసన కొట్టే శుభలేఖ అట్ట పనికిరాదు. సెంటీమీటరు వెడల్పు పట్టీతో 10 × 5 సెంటీమీటర్ల దీర్ఘచతురస్రపు చట్రం గీయండి. ఒక పొడవు వైపు 10 సెంటీమీటర్ల దగ్గరి దారి, మిగతా మూడు వైపులూ కలిపి 20 సెంటీమీటర్ల దూరపు దారి. దగ్గరి దారి రెండు కొసల్లోని మూలల నుంచి ఒక్కో తోక ఏటవాలుగా బయటికి రావాలి. ఒకటి నేలకు, ఒకటి తిండికి. కొలతలకన్నా ఈ ఏటవాలు ముఖ్యం. తోక దగ్గరి దారికి తిన్నగా కలిస్తే చీమలు మలుపు తిరగనక్కర్లేక అటే పోతాయి, మీరేమో దగ్గరని ఎంచుకున్నాయనుకుంటారు.

పొద్దున్నో సాయంత్రమో, ఫ్యాను ఆపి, బారు పక్కన తోక ఆనించి దాని మొదట్లో ఒక పంచదార నీటి చుక్క వేయండి. చిన్న చీమలైతే మంచిది. పొడుగు కాళ్లతో అడ్డదిడ్డంగా పరిగెత్తే నల్లచీమలను లెక్కపెట్టడం కష్టం. అయిదు నిమిషాలకోసారి, ఒక్క నిమిషంపాటు, తిండి వైపు వెళ్లేవాటిని మాత్రమే రెండు దారుల్లోనూ లెక్కపెట్టండి. మొదట్లో సగం సగం ఉంటాయి. దగ్గరి దారిన వెళ్లినవి ముందు తిరిగొస్తాయి కాబట్టి అక్కడ వాసన ముందు చిక్కబడుతుంది, బారు క్రమంగా అటు మొగ్గుతుంది. చివరిదాకా సమానంగానే ఉంటే చీమలు చాలినన్ని రాలేదన్నమాట. పుట్ట దగ్గర వేరే తిండి ఉందేమో చూడండి.

అసలు పరీక్ష తర్వాతిది. కొత్త వంతెన తీసుకుని దగ్గరి దారి మధ్యలో 2 సెంటీమీటర్లు కత్తిరించేయండి. అరగంట నడవనిచ్చాక 4 సెంటీమీటర్ల అట్టముక్కతో ఆ ఖాళీ మూయండి. 1989లో బెల్జియం శాస్త్రవేత్తలు అర్జెంటీనా చీమలతో ఇలాగే చేస్తే, అవి పాత దూరపు దారినే పట్టుకుని ఉండిపోయాయి. అప్పటికే అక్కడ వాసన అంత బలంగా ఉంది. తోటల్లో తిరిగే ఒక యూరప్ నల్లచీమ మాత్రం దూరపు దారిలో సగంలోనే వెనక్కి తిరిగి, దగ్గరి దారికి మారగలదు. మీ ఇంటి చీమలు ఏం చేస్తాయో చూడాలంటే దారి మధ్యలో వెనుదిరిగేవాటిని విడిగా లెక్కపెట్టండి.

నేల మీది బారులో మూడు సెంటీమీటర్ల మేర తడిగుడ్డతో తుడిచి కూడా చూడొచ్చు. చీమలు అంచు దగ్గర ఆగి, మీసాలు నేలకు తాటిస్తూ అటూ ఇటూ వెతుకుతాయి. ఒకటి దాటితే చాలు, నెమ్మదిగా బారు మళ్లీ కలుస్తుంది. ఫినాయిల్‌తో తుడవకండి. ఆ ఘాటుకు పారిపోతే, దారి తప్పాయో భయపడ్డాయో తేల్చలేరు.