క్యాంపస్ చుట్టూ గాలిలో ఉన్న సిగ్నల్ ఎవరిదో పట్టుకోవడం ఎలా

నల్గొండ నుంచి నార్కట్‌పల్లి వెళ్లే దారిలో, అన్నెపర్తి దగ్గర మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది కదా, అక్కడ ఏదో ఒక బిల్డింగ్ డాబా ఎక్కి లాప్‌టాప్‌కి రేడియో సిగ్నళ్లు అందుకునే చిన్న డాంగిల్ తగిలిస్తే స్క్రీన్ నిండా గీతలే, ఒక్కో గీత ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గరి సిగ్నల్. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు కనిపించిన ప్రతి గీతకీ వెంటనే ఒక పేరు పెట్టేస్తారు. అలా చేయకండి. ముందు దొంగ గీతల్ని, అంటే బయటి స్టేషన్‌వి కాకుండా ఊరికే పుట్టేవాటిని, ఏరేయండి, మిగిలినవాటికే పేరు వెతకండి. పనిలో సగం అదే.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (లాప్‌టాప్‌ని రేడియోగా మార్చే చిన్న యూఎస్‌బీ పరికరం, దాదాపు 24 నుంచి 1,766 మెగాహెర్ట్జ్ వరకు అందుకుంటుంది), ఎస్‌డీఆర్ షార్ప్ లాంటి ఒక ఉచిత సాఫ్ట్‌వేర్, రెండు చేతుల డైపోల్ యాంటెన్నా, ఇంట్లో మూలన పడున్న పాత ట్రాన్సిస్టర్ రేడియో, ఒక నోట్‌బుక్. ఎఫ్ఎం కోసమైతే డైపోల్ ఒక్కో చేయి 71 సెంటీమీటర్లు ఉంచండి, 100 మెగాహెర్ట్జ్‌కి సరిపోతుంది. లాప్‌టాప్ బ్యాటరీ మీదే నడవాలి, ఛార్జర్ పెట్టారంటే దాని రొద కూడా స్క్రీన్ మీదికి వస్తుంది. డాబా ఎక్కడానికి డిపార్ట్‌మెంట్‌లో అడిగి అనుమతి తీసుకోండి. టవర్లు మాత్రం ఎవరూ ఎక్కొద్దు.

ఇక దొంగ గీతలు. మొదటి పరీక్ష, యాంటెన్నా విప్పేయండి. అయినా గీత అలాగే ఉందంటే అది డాంగిల్ కడుపులోంచి వస్తున్నదే. అందులో తాళం వేసే గడియారం లాంటి క్రిస్టల్ 28.8 మెగాహెర్ట్జ్‌ది కాబట్టి దాని గుణిజాల దగ్గర, అంటే 115.2, 144 లాంటి చోట్ల, సన్నటి నిటారు గీతలు కనిపిస్తాయి. రెండోది కరెంటు. హాస్టల్లో ఉన్నప్పుడు 30 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల అటూ ఇటూ ఊగుతున్న ఒక సిగ్నల్‌ని రెండు రాత్రులు కూర్చుని చూశాను, ఎవరో ప్రసారం చేస్తున్నారనే అనుకున్నాను, మూడో రాత్రి కరెంటు పోగానే అదీ పోయింది, తీరా చూస్తే వరండాలోని ఎల్ఈడీ ట్యూబ్‌లైట్. అప్పటి నుంచి కరెంటు పోతే నాకు సంతోషమే, డాంగిల్ పట్టుకుని డాబా ఎక్కేస్తాను. సోలార్ ఇన్వర్టర్లు, చుట్టుపక్కల బావుల దగ్గరి మోటారు స్టార్టర్లు కూడా ఇలాగే మోసం చేస్తాయి.

మూడో రకం కాస్త తెలివైనది. దగ్గర్లో బలమైన స్టేషన్లు రెండు ఉంటే డాంగిల్ తట్టుకోలేక లేని స్టేషన్‌ని పుట్టిస్తుంది. హైదరాబాద్ ఆకాశవాణి ఎఫ్ఎం రెయిన్‌బో 101.9, వివిధ భారతి 102.8. మొదటిదాన్ని రెట్టింపు చేసి రెండోది తీసేస్తే 101.0 వస్తుంది. ఈ రెండూ గట్టిగా అందే చోట 101.0 దగ్గర కలగాపులగంగా మాటలు వినిపిస్తే నమ్మకండి. గెయిన్ (సాఫ్ట్‌వేర్‌లో సిగ్నల్‌ని పెంచే మోతాదు) కొద్దిగా తగ్గించి చూడండి, డెసిబెల్ లెక్కలో నిజమైన సిగ్నల్ అంతే తగ్గుతుంది, దొంగది దానికి మూడింతలు పడిపోతుంది.

వీటన్నిటినీ దాటి నిలిచిన సిగ్నల్‌కి ముందు వెడల్పు కొలవండి. ఎఫ్ఎం స్టేషన్ సుమారు 200 కిలోహెర్ట్జ్ వెడల్పుతో మాటకీ పాటకీ తగ్గట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. వాకీటాకీ 12.5 కిలోహెర్ట్జ్, ఉండి ఉండి వచ్చిపోతుంది. 935 నుంచి 960 మెగాహెర్ట్జ్ మధ్య మొబైల్ టవర్లు ఫోన్లకు పంపేవి ఉంటాయి, అందులో 2జీ 200 కిలోహెర్ట్జ్ దిబ్బల్లా, 4జీ ఎదురుగా గోడ కట్టినట్టు సమతలంగా కనిపిస్తుంది. 1800 బ్యాండ్ టవర్ సిగ్నల్ ఈ డాంగిల్‌కి అందదు, దానికి ఫోన్‌లోనే బ్యాండ్, సెల్ ఐడీ (టవర్ గుర్తింపు సంఖ్య) చూపించే యాప్ వేసుకోండి, టవర్ల చోటు ప్రభుత్వ తరంగ్ సంచార్ పోర్టల్‌లో చూడొచ్చు. 1,090 దగ్గర పటపటమని చిన్న చిన్న ముక్కలు పడుతుంటే అవి విమానాలు తమ స్థానం చెప్పుకునేవి.

ఒక మాట గట్టిగా చెప్తున్నా. అన్నెపర్తిలోనే పోలీసు బెటాలియన్ ఉంది. వాకీటాకీ సిగ్నల్ అని గుర్తుపట్టారా, నోట్‌బుక్‌లో అంతవరకే రాసి ముందుకు వెళ్లండి, లోపలి మాటలు వినడం, రికార్డు చేసి పంచడం మన పని కాదు. లైసెన్స్ లేకుండా ప్రసారం చేయడం నేరం, సరదాకి కూడా వద్దు.

స్టేషన్ పేరు కోసం ఓపిక పట్టాలి. గంట కొట్టే సమయానికి ఐదు నిమిషాల ముందు నుంచి వినండి, పేరు చెప్పే అవకాశం అప్పుడే ఎక్కువ. ఆకాశవాణి అనిపిస్తే న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో అదే స్టేషన్ పెట్టి పోల్చండి, యాప్ కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది, కంగారు పడకండి. పేరు దొరికినంత మాత్రాన ట్రాన్స్‌మిటర్ హైదరాబాద్‌లోనే ఉందనుకోవద్దు, అదే కార్యక్రమాన్ని దగ్గర్లోని రిలే కేంద్రం ఇస్తూ ఉండొచ్చు. ఇక్కడ లెక్క పనికొస్తుంది. టవర్ ఎత్తు, మన యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, వాటి వర్గమూలాలు కలిపి 4.12తో గుణిస్తే ఎన్ని కిలోమీటర్లు అందుతుందో వస్తుంది. 100 మీటర్ల టవర్, 16 మీటర్ల డాబా అయితే దాదాపు 58. హైదరాబాద్ మనకు దాదాపు 90 కిలోమీటర్లు కాబట్టి అక్కడి ఎఫ్ఎం మామూలుగా బలహీనంగానే ఉండాలి. చలికాలం పొద్దున పూట గాలి పొరల వల్ల ఒక్కసారిగా గట్టిగా వచ్చి, ఎండ ముదిరాక తగ్గిపోతే అది దూరందే. రోజంతా ఒకేలా ఉంటే దగ్గర్లోదే.

చివరికి దిక్కు. ట్రాన్సిస్టర్‌లో ఏఎం పెట్టి 738 కిలోహెర్ట్జ్‌కి, అంటే ఆకాశవాణి హైదరాబాద్‌కి తిప్పండి, రేడియోని బల్ల మీద నిలబెట్టినట్టు, లోపలి కడ్డీ నేలకు సమాంతరంగా ఉండేలా పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిరగండి. ఆ ఫెరైట్ కడ్డీ (ఏఎంకి అదే యాంటెన్నా) కొన స్టేషన్ వైపు చూసినప్పుడు శబ్దం బాగా పడిపోతుంది. కడ్డీ చూపే దిక్కు పడమరకి కాస్త ఉత్తరంగా వస్తే మీ చేయి కుదిరినట్టే. ఎఫ్ఎంకి పద్ధతి వేరు, యాంటెన్నా పొట్టిగా చేసి రేడియోని ఛాతీకి ఆనించి తిరగండి, ఎక్కువ బలహీనపడిన చోట స్టేషన్ మీ వీపు వెనక ఉన్నట్టు. క్యాంపస్‌లో ఒకసారి, పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద ఒకసారి దిక్కు తీసి మ్యాప్ మీద రెండు గీతలు గీయండి. అవి కలిసిన చోటికి బండి మీద వెళ్లి తలెత్తి చూడండి, పొడవాటి పెట్టెలు వేలాడుతుంటే మొబైల్, డోలు లాంటివి మైక్రోవేవ్ లింకు, ఒకే రకం చిన్న యాంటెన్నాలు ఒకదాని కింద ఒకటి వరసగా ఉంటే అదే మీ ఎఫ్ఎం.