పిల్లల్ని లాక్రోస్‌కి సిద్ధం చేయడం ఎలా? ముందు గోడ వెతకండి

జనవరి చివర్లో మా వాట్సాప్ గ్రూపులో ఏటా ఒకటే ప్రశ్న. "వదినా, మావాడు లాక్రోస్ ఆడతానంటున్నాడు, ఏ స్టిక్ కొనమంటారు?" నేనూ ఏటా ఒకటే అడుగుతాను: "మీ దగ్గర్లో కిటికీల్లేని ఇటుక గోడ ఉందా?" అవతల కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ తర్వాత ఎవరో ఒకరు స్టిక్ లింకు పెడతారు.

మేం ఉండేది మేరీలాండ్‌లో. లాక్రోస్ అంటే చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి, విసిరి గోల్ వేసే జట్టు ఆట. ఇక్కడ దాని పిచ్చి ముదిరిపోయింది. 2004లో దీన్ని రాష్ట్ర అధికారిక జట్టు క్రీడగా చేశారు. అమెరికాలో అమ్మాయిల లాక్రోస్ జట్టు మొదలైంది కూడా ఇక్కడే, బాల్టిమోర్‌లోని బ్రిన్ మార్ స్కూల్లో, 1926లో. పక్కింటి పిల్లలు ఒకటో తరగతికే స్టిక్ పట్టేస్తారు. మన పిల్లలేమో స్విమ్మింగ్, కూచిపూడి, లెక్కల ట్యూషన్ అన్నీ అయ్యి, తొమ్మిదో తరగతిలో స్నేహితుడెవడో ఆడుతున్నాడని "అమ్మా, నేనూ వెళ్తా" అంటారు. మార్చి మొదట్లో హైస్కూల్ ట్రైఅవుట్లు, అంటే జట్టు ఎంపికలు. మిగిలింది ఐదారు వారాలు. మా పిల్లలిద్దరితో పాటు వీధిలో ఇంకో నలుగుర్ని నేను అలాగే తయారుచేశాను. సామాన్ల దుకాణాల చుట్టూ తిరగకుండా ఉంటే ఐదారు వారాలు సరిపోతాయి.

కాగితాలు, సామాను

ముందు ఫిజికల్ ఫారం, అంటే ఆడే ఆరోగ్యం ఉందని డాక్టర్ రాసిచ్చే కాగితం. డాక్టర్ సంతకం లేకపోతే మొదటిరోజే పక్కన కూర్చోబెడతారు. ఇప్పుడే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుని వచ్చి మిగతాది చదవండి.

అబ్బాయిలకు హెల్మెట్, షోల్డర్ ప్యాడ్లు, ఆర్మ్ ప్యాడ్లు, గ్లవ్స్, మౌత్‌గార్డ్, గజ్జల రక్షణకి కప్పు, క్లీట్స్ (అడుగున ముళ్ళున్న బూట్లు). అమ్మాయిల ఆటలో మనిషిని గుద్దడం ఉండదు కాబట్టి గాగుల్స్, మౌత్‌గార్డ్, క్లీట్స్‌తో అయిపోతుంది. కొన్నిచోట్ల మెత్తటి తలపాగా లాంటి హెడ్‌గేర్ కూడా అడుగుతారు, స్కూల్లో కనుక్కోండి. అన్న స్టిక్ ఉంది కదా అని చెల్లికి ఇవ్వకండి. రెండు ఆటలకీ రూల్స్ వేరు, స్టిక్‌లూ వేరు.

గ్లవ్స్, ఆర్మ్ ప్యాడ్లు ఎవరు వాడినవైనా పర్వాలేదు. హెల్మెట్, షోల్డర్ ప్యాడ్ల దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. బంతి ఛాతీకి సరిగ్గా గుండె మీద, గుండె కొట్టుకునే లయలో ఒకానొక క్షణంలో తగిలితే గుండె ఆగిపోవచ్చు. అరుదే, కానీ జరిగింది. అందుకే 2022 జనవరి నుంచి హైస్కూల్ అబ్బాయిల ప్యాడ్ల మీద ఆటల రక్షణ సామానుకి ప్రమాణాలు పెట్టే నాక్సీ సంస్థ ఎన్‌డీ 200 ముద్ర తప్పనిసరి చేశారు. కాలేజీకి వెళ్ళిపోయిన అబ్బాయివి గరాజ్‌లోంచి తీసి ప్రేమగా ఇచ్చే ప్యాడ్లకి ఆ ముద్ర ఉందో లేదో చూశాకే థాంక్యూ చెప్పండి.

స్టిక్ విషయానికొస్తే, కొత్తగా మొదలుపెట్టే అబ్బాయికి 40 నుంచి 42 అంగుళాల పొట్టి స్టిక్. మా ఆయన మొదటిసారి డిఫెండర్లు వాడే ఆరడుగుల డిఫెన్స్ పోల్ మోసుకొచ్చారు. "రేటు ఇంచుమించు ఒకటే, పొడుగుది వస్తుంటే పొట్టిది ఎందుకు?" అన్నారు. అది మర్నాడే వెనక్కి వెళ్ళింది. తల, కర్ర, వల అన్నీ కలిపి వచ్చే మామూలు కంప్లీట్ స్టిక్ చాలు. అల్యూమినియం కర్రే కొనండి. కార్బన్ కర్రల సంగతి జట్టులోకి వచ్చాక చూద్దాం.

పాకెట్

స్టిక్ తలలో బంతి కూర్చునే వల గుంటని పాకెట్ అంటారు. కొత్త స్టిక్‌లో వల డప్పులా బిగుసుకుని ఉంటుంది, బంతి నిలవదు. బంతిని గుంటలో పెట్టి బొటనవేళ్ళతో నొక్కుతూ వారం రోజులు టీవీ ముందు కూర్చోమనండి. పిల్లలు మారు మాట్లాడకుండా చేసే పని ఇదొక్కటే. ఆ తర్వాత బంతి వేసి స్టిక్‌ని కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని పక్కనుంచి చూడండి. అబ్బాయిల స్టిక్‌లో బంతి పైభాగం పక్కగోడ (స్టిక్ తల పక్క చట్రం) కింది అంచుకంటే దిగకూడదు. మధ్యలో వెలుతురు కనిపించిందా, అది రూలుకి విరుద్ధం. అమ్మాయిలకి ఇంకా కఠినం: బంతి పైభాగం పక్కగోడ పై అంచుకి పైన కనపడాలి.

పాకెట్ లోతుగా ఉంటే బంతి జారదని పిల్లలు తాళ్ళు వదులు చేసేస్తుంటారు. బంతి జారదు, నిజమే. విసిరినప్పుడూ అంత తేలిగ్గా వదలదు, పట్టుకుని పట్టుకుని చివరికి నేలకేసి కొడుతుంది.

గోడ

ఇక అసలు పని: బంతిని గోడకేసి విసిరి, తిరిగొచ్చినదాన్ని స్టిక్‌తో పట్టడం. ఎక్కువమంది చెడగొట్టేదీ ఇదే.

గోడ ఇటుకదో కాంక్రీటుదో అయి ఉండాలి. మన ఊళ్ళో ఇళ్ళ గోడలు అలవాటైన కళ్ళతో ఇక్కడి ఇళ్ళని చూసి మోసపోకండి. చాలా ఇళ్ళకి పైన వినైల్ రేకు, లోపల చెక్క. ఒక్క దెబ్బకి రేకు పగులుతుంది. బంతి గట్టి రబ్బరుముద్ద, 142 నుంచి 149 గ్రాములు, అంటే క్రికెట్ బంతికంటే కాస్త తేలిక, కాస్త చిన్నది. మొదటి వారంలోనే మా గరాజ్ తలుపుకి మూడు సొట్టలు పడ్డాయి. సెలవురోజు స్కూలు వెనక గోడో, పార్కులో టెన్నిస్ సాధన గోడో చూసుకోండి, అడిగే వాడుకోండి. టెన్నిస్ బంతితో ఇంట్లోనే చేయిస్తాం అంటారు కొందరు. వద్దు. అది పాకెట్లో కుదురుకోదు, దానితో నేర్చుకున్న చెయ్యి అసలు బంతికి పనికిరాదు.

కుడిచెయ్యి, ఎడమచెయ్యి అంటే ఈ ఆటలో స్టిక్ మీద ఏ చెయ్యి పైన ఉందని లెక్క. గోడ దగ్గర రెండు చేతులూ ఎప్పుడూ స్టిక్ మీదే ఉండాలి. పైచెయ్యి కర్ర మధ్యకి కొంచెం పైన, కిందచెయ్యి చివరి రబ్బరు మూత దగ్గర. కుడిచెయ్యి పైనుంటే సచిన్ క్రీజులో నిలబడినట్టు ఎడమ భుజం గోడవైపు, ఎడమచెయ్యి పైనుంటే యువరాజ్‌లా కుడి భుజం గోడవైపు. మోచేతులు ఒంటికి అతుక్కోకూడదు. గోడకి నాలుగడుగుల్లో నిలబెట్టి "బాగా పడుతున్నాడే" అని మురిసిపోకండి. పది, పన్నెండు అడుగుల దూరం కావాలి. గోడమీద తన తల ఎత్తులో సుద్దముక్కతో పళ్ళెమంత సున్నా గీయండి.

విసరడంలో పైచెయ్యి ముందుకి తోస్తుంది, కిందచెయ్యి అదే క్షణంలో వెనక్కి లాగుతుంది. మన పిల్లలు కిందచేతిని మర్చిపోతారు. ఒక్క పైచేత్తో ఇనపగుండు విసిరినట్టు తోస్తారు. బంతి కాళ్ళ ముందే నేలకి కొట్టుకుంటే ఆలస్యంగా వదులుతున్నాడని, లేదా పాకెట్ లోతైపోయిందని అర్థం. గోడ దాటి వెళ్ళిపోతుంటే తొందరపడి వదులుతున్నాడు. స్టిక్ తల చివరికి సున్నా వైపే చూస్తూ ఆగాలి. ఇవి తప్ప ఇంకేం చెప్పకండి. ఒకేసారి నాలుగు తప్పులు దిద్దితే పిల్లాడు స్టిక్ కింద పడేసి కారెక్కుతాడు. నాకు అలా రెండుసార్లు అయింది.

పట్టడం క్రికెట్లో పైకి లేచిన క్యాచ్ లాంటిదే. బంతి చేతిలో పడే క్షణంలో చేతుల్ని వెనక్కి తీసుకుంటాం కదా, స్టిక్ తలని చెవి పక్కన పెట్టుకుని బంతితో పాటు అలాగే వెనక్కి తీయాలి. మా ఆయన గుంటూరు గ్రౌండ్లలో స్లిప్‌లో నిలబడ్డవారు, ఈ ఒక్కటి మాత్రం నాకంటే బాగా చెప్పారు. స్టిక్‌తో బంతిని ఎదురెళ్ళి కొట్టేస్తే ఎగిరిపోతుంది. సరిగ్గా పడితే చప్పుడే ఉండదు. నేను బెంచీ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూనే చెవితో లెక్కపెడతాను.

మొదటి నాలుగు రోజులు కుడిచెయ్యి. ఐదోరోజు నుంచి ముందు ఎడమ, తర్వాత కుడి. ఈ వరస మార్చకండి. కుడితో మొదలుపెడితే ఎడమకొచ్చేసరికి ఓపిక అయిపోయి "రేపు చేస్తా" అంటాడు, ఆ రేపు రాదు. ఎడమచేత్తో వంద, కుడిచేత్తో యాభై. డిఫెండర్ చూసేది వీడికి ఏ చెయ్యి రాదా అనే. తెలిసిన నిమిషం నుంచి ఆ మంచిచెయ్యి వైపే అడ్డంగా నిలబడిపోతాడు. కోచ్ కూడా ట్రైఅవుట్‌లో కొత్తవాళ్ళ దగ్గర ముందు చూసేది ఇదే.

ఎడమచెయ్యి మొదలుపెట్టిన పదిరోజులు ఇంట్లో మనశ్శాంతి ఉండదు. వందలో పది కూడా పట్టడు. గ్లవ్ విసిరేస్తాడు. "నాకు రాదు" అంటాడు. ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు జాలిపడి, పోనీలే కుడిచెయ్యి గట్టిపడ్డాక చూద్దాం అంటారు. కుడి గట్టిపడేకొద్దీ ఎడమని ముట్టుకోడు, అంతే. మరీ విసిగితే ఐదడుగులకి జరిపి మెల్లగా వేయమనండి, దూరం తగ్గించండి కానీ చెయ్యి మార్చకండి. పళ్ళు తోముకోవడం, తలుపు తీయడం కూడా ఎడమచేత్తో చేయమన్నాను మావాణ్ణి. వాడు ఇంకో అడుగు ముందుకేసి ఇడ్లీ కూడా ఎడమచేత్తో తినబోయాడు. అప్పుడు మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. "ఇదేం ఆటే, అన్నం ఎడంచేత్తో తినమంటుంది?" అని నన్ను నిలదీశారు. కంచం దగ్గర మాత్రం మినహాయింపు ఇచ్చాం.

రోజూ ఇరవై నిమిషాలు. వారమంతా మానేసి ఆదివారం రెండు గంటలు చేయిస్తే మణికట్టు నొప్పి తప్ప ఏమీ మిగలదు. అబ్బాయిలు గ్లవ్స్ వేసుకునే చేయాలి, ఒట్టి చేతులతో అలవాటైతే గ్లవ్స్ వేసిన రోజు అంతా కొత్తగా ఉంటుంది. చివరి వారం అబ్బాయిలు హెల్మెట్ కూడా పెట్టుకోవాలి, కడ్డీల్లోంచి బంతిని చూడటం వేరే విద్య. తిరిగొచ్చే బంతి దారిలో చిన్నపిల్లల్ని నిలబెట్టకండి.

బంతిని పాకెట్లో నిలపడానికి స్టిక్‌ని ఊపడాన్ని క్రేడిల్ అంటారు. పట్టడానికీ విసరడానికీ మధ్య ఒక్క చిన్న ఊపు చాలు. కొత్తవాళ్ళు కవ్వం పట్టి మజ్జిగ చిలికినట్టు చిలుకుతూనే ఉంటారు, వెన్న ఏమీ రాదు. వెనకనుంచి, కాళ్ళ మధ్యనుంచి విసిరే వీడియోలు ఈ ఐదు వారాలూ బంద్. వల కట్టిన రీబౌండర్ కొనమని ఇంకొందరి సలహా. బంతి ఎక్కడ తగిలినా అది బద్ధకంగా చేతికే తెచ్చిస్తుంది, తప్పు తెలియదు. పైగా ఖరీదు.

కింద పడ్డ బంతి

కొత్తవాడు జట్టులో చోటు సంపాదించేది గోల్స్‌తో కాదు, గ్రౌండ్ బాల్స్‌తో. మోకాళ్ళు వంచి, కిందచెయ్యి దాదాపు నేలకి తగిలేంత దించి, పారతో మట్టి ఎత్తినట్టు బంతి కిందనుంచి దూసుకుపోవాలి. ఆగి గీరకూడదు. కర్ర ఒంటికి పక్కన ఉండాలి. పొట్టకెదురుగా పెట్టుకుని పరిగెత్తితే స్టిక్ తల మట్టిలో దిగబడి కర్ర కడుపులో పొడుస్తుంది. ఒకసారి పొడిచాక ఎవరూ చెప్పక్కర్లేదు. పెరట్లో రోజూ ఇరవై ఎత్తితే చాలు.

ట్రైఅవుట్

చాలాచోట్ల మైలు పరుగు పెడతారు, అందుకని వారానికి మూడురోజులు పరిగెత్తించండి. బంతులు వాడేకొద్దీ నున్నబడి జారతాయి, ఇక్కడి పిల్లలు వాటిని గ్రీసర్లు అంటారు. అవి పారేసి కొత్తవి రెండు సంచిలో వేయండి. కర్ర చివర రబ్బరు మూత ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఆడనివ్వరు.

"కాలేజీ అడ్మిషన్‌కి పనికొస్తుందా?" అని అడుగుతారు ఈలోపు ఎవరో ఒకరు. తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టి స్కాలర్‌షిప్ కోసం చూడకండి. 1904, 1908 ఒలింపిక్స్‌లో ఆడిన ఆట, 2028లో లాస్ ఏంజెలెస్‌లో మళ్ళీ వస్తోంది, ఆరుగురేసి ఆడే రూపంలో. అప్పుడు టీవీ ముందు ఏం జరుగుతోందో ఇంట్లో ఒక్కరికైనా అర్థమవుతుంది, నాకు అది చాలు.

ట్రైఅవుట్ రోజు మీరు కారులోనే కూర్చోండి. మా ఆయన కూర్చోలేదు. కంచె పట్టుకుని నిలబడి, మావాడి చేతిలోంచి బంతి జారగానే "చేతులు వెనక్కి తియ్యరా!" అని తెలుగులో గ్రౌండంతా వినబడేలా అరిచారు. మావాడికి జట్టులో చోటు వచ్చింది. నాన్నతో మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు.