ఉలకని పలకని సీపీయూ: రాయపురం నుంచి ఒక నోటుబుక్కు

చెన్నై రాయపురంలో, సముద్రానికి పది నిమిషాల నడక దూరంలో మా ఇల్లు. ఇంట్లోనే తెలుగు డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) చేస్తాను. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ కార్డులు. ఈ మూడో రకం పని ఎప్పుడూ రాత్రి తొమ్మిదికి వస్తుంది, పొద్దున ఆరింటికల్లా కావాలంటారు. అలాంటి ఒక రాత్రే నా సిస్టమ్ మొదటిసారి మొరాయించింది. బటన్ నొక్కాను, ఉలకలేదు. పదిసార్లు నొక్కాను. సీపీయూ నెత్తిన రెండు చరిచాను కూడా. మావారు నిద్రకళ్ళతో లేచొచ్చి, "పాతదైపోయింది, కొత్తది కొనేద్దాంలే" అన్నారు. అర్ధరాత్రి ఎక్కడ కొంటాం? పైగా పేజీలు కూర్చే నా పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరూ, "అను" అనే పేరున్న తెలుగు ఫాంట్లూ ఈ పాతదాంట్లోనే కుదురుగా ఉన్నాయి.

గంటన్నర తర్వాత తేలింది ఏమిటంటే, సాయంత్రం ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఎక్స్‌టెన్షన్ బాక్స్ స్విచ్ ఆఫ్ అయింది. దాని ఎర్ర లైటు మాడిపోయి ఏడాది దాటింది కాబట్టి ఆన్‌లో ఉందో లేదో చూస్తే తెలియదు.

అప్పటి నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. మూడే గళ్ళు: ఎవరిది, ఏం చేస్తుండగా ఆగింది, చివరికి ఏం తేలింది. వీధిలో తెలుగువాళ్ళ ఇళ్ళలో సిస్టమ్ పాడైతే నన్నే పిలుస్తారు కాబట్టి పేజీలు బాగానే నిండాయి. మూడో గడిలో ఎక్కువగా కనిపించేవి మూడు మాటలు: కరెంటు, తీగ, ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు సమాచారం పట్టి ఉంచే చిన్న పలక). "మదర్‌బోర్డు" అనే మాట (లోపలి భాగాలన్నిటినీ కలిపే పెద్ద పలక అది) చాలా తక్కువ.

"సిస్టమ్ స్టార్ట్ కావట్లేదక్కా" అని ఫోన్ రాగానే నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఎక్కడైనా చిన్న లైటు వెలుగుతోందా? ఫ్యాన్ చప్పుడు వస్తోందా? స్క్రీన్ మీద ఒక్క అక్షరమైనా పడిందా? జవాబులను బట్టి స్క్రూడ్రైవర్ పట్టుకెళ్ళాలో, పెన్సిల్ రబ్బరు పట్టుకెళ్ళాలో, ఉత్తచేతులతో వెళ్ళాలో తేలుతుంది. మీరూ ముందు ఈ మూడూ చూసి కాగితం మీద రాసుకోండి. ఇంకోటి, ఒక్కసారికి ఒక్కటే మార్చండి. నాలుగు తీగలు పీకి నాలుగూ పెట్టాక ఆన్ అయితే, ఏది తప్పో ఎప్పటికీ తెలియదు. వచ్చే నెల మళ్ళీ అదే తంతు.

లైటు లేదు, ఫ్యాన్ లేదు

గోడ దగ్గర మొదలుపెట్టండి. సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి, ఫోన్ చార్జింగ్ ఎక్కుతోందో లేదో చూడండి. ఎక్కితే ఎక్స్‌టెన్షన్ బాక్సునీ యూపీఎస్‌నీ పక్కన పెట్టి సీపీయూ తీగను నేరుగా గోడకు పెట్టండి. ఇళ్ళలో వాడే చిన్న యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది. రెండు మూడేళ్ళకు అది నీరసిస్తుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే, ఇంట్లో కరెంటు ఉన్నా కొన్ని యూపీఎస్‌లు ఆన్ కావు. జనం సీపీయూ పోయిందనుకుంటారు.

తర్వాత తీగ. చాలా మానిటర్లకూ సీపీయూకూ ఒకే రకం తీగ ఉంటుంది. మానిటర్ వెలుగుతోంది కదా, దాని తీగ తెచ్చి సీపీయూకి పెట్టండి. పైసా ఖర్చు లేని పరీక్ష. సీపీయూ వెనక, తీగ దూరే చోటు పక్కనే చాలావాటికి ఒక చిన్న నల్ల స్విచ్ ఉంటుంది. గీత వైపు నొక్కి ఉంటే ఆన్, సున్నా వైపు ఉంటే ఆఫ్. టేబుల్‌ని గోడకు జరిపినప్పుడు అది నొక్కుకుపోయిన సందర్భాలు నా పుస్తకంలో రెండున్నాయి.

ఇవన్నీ బాగానే ఉంటే ప్లగ్గు పూర్తిగా పీకేసి పవర్ బటన్‌ని ముప్పై సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల నిలిచిపోయిన కరెంటు దిగిపోతుంది. ప్లగ్గు మళ్ళీ పెట్టి ఆన్ చేయండి. ఉరుములూ మెరుపులూ వచ్చిన రాత్రి తర్వాత, కరెంటు వస్తూ పోతూ ఉన్నాక ఇది చాలాసార్లు పనిచేసింది. నమ్మబుద్ధి కాదు, కానీ చేసి చూడండి.

అప్పటికీ కదలకపోతే బటన్ మీద అనుమానపడండి. సీపీయూ ముందున్న బటన్ చేసే పని చాలా చిన్నది, మదర్‌బోర్డు మీది రెండు పిన్నులను ఒక్క క్షణం కలుపుతుంది, అంతే. ఆ బటన్ అరిగిపోతుంది, ఇరుక్కుపోతుంది. పక్క డోరు తీసి, బోర్డు మూలన "పవర్ ఎస్‌డబ్ల్యూ" అని రాసి ఉన్న సన్న తీగల జత పట్టుకోండి. ముందు అది ఎలా ఉందో ఫోన్‌తో ఫోటో తీయండి. జతను లాగేసి, అది ఉన్న రెండు పిన్నులను మాత్రమే స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకించండి. అక్కడ ఉండేది ఐదు వోల్టులకు మించదు, షాక్ భయం లేదు. సిస్టమ్ లేచిందా? బటన్ పోయింది. ఆ రోజుకి పక్కనున్న రీసెట్ బటన్ జతను తెచ్చి ఆ పిన్నులకు పెట్టేయండి, రీసెట్ బటనే పవర్ బటన్ అవుతుంది. మా మరిది సిస్టమ్ మూడేళ్ళుగా అలాగే నడుస్తోంది.

ఇక మిగిలింది ఎస్ఎంపీఎస్, అంటే లోపల కరెంటు పంచే ఇనుప డబ్బా. వేరే ఎవరిదగ్గరైనా ఉంటే మార్చి చూడటమే మంచి దారి. ధైర్యం ఉన్నవాళ్ళు, ప్లగ్గు పీకేసి ఉండగానే, మదర్‌బోర్డు నుంచి 24 పిన్నుల పెద్ద ప్లగ్గు తీసి, ఆకుపచ్చ తీగ గడికీ ఏదైనా నల్ల తీగ గడికీ వంచిన పేపర్ క్లిప్ పెట్టి, చేతులు తీసేశాక కరెంటు వేసి చూస్తారు. ఫ్యాన్ తిరిగితే డబ్బాలో ప్రాణం ఉన్నట్టు. పూర్తి ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు సుమా, బరువు పడితే కూలబడే డబ్బాలూ ఉంటాయి. కొన్ని కొత్త డబ్బాలకు తీగలన్నీ నలుపే, వాటితో ఈ పని వద్దు. ఏ డబ్బానైనా విప్పకండి. గోడలోని 230 వోల్టులు అందులో మూడు వందలు దాటిన డీసీగా మారి కెపాసిటర్లలో నిలవ ఉంటాయి, ప్లగ్గు పీకాక కూడా. బల్లి దూరి మాడిపోయిన డబ్బా ఒకటి చూశాను. వాసనే చెప్పింది, విప్పాల్సిన అవసరం రాలేదు.

సీపీయూ ఇనుము ముట్టుకుంటే జివ్వుమంటుంటే అది కంప్యూటర్ జబ్బు కాదు, ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది చేయించాకే మిగతా పని. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బాక్సులో దూర్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ నల్లగా ఉంటుంది

మా పేటలో ఎక్కువ వచ్చేది ఇదే. ముందు మానిటర్ సంగతి తేల్చండి. మెనూలో సరైన ఇన్‌పుట్ ఎంచుకుని ఉందా? గ్రాఫిక్స్ కార్డు (బొమ్మ చూపించే విడి కార్డు) ఉన్న సిస్టమ్‌లో కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి, పైనున్న మదర్‌బోర్డు రంధ్రంలో పెడితే చాలాసార్లు బొమ్మ రాదు. ఇల్లు మారినప్పుడు అందరూ చేసే పొరపాటు.

అది కాకపోతే ర్యామ్. ఉప్పుగాలి, తేమ, దుమ్ము కలిసి ర్యామ్ పలక అంచున ఉండే బంగారు పూత గీతల మీద సన్నని పొర కడతాయి. కంటికి సరిగ్గా కనపడదు కానీ కరెంటు దాటదు. కార్తీకం వానలు పడే రోజుల్లో నాకు ఈ ఫోన్లు ఎక్కువ. ప్లగ్గు పీకండి, సీపీయూ ఇనుప చట్రాన్ని ఒకసారి ముట్టుకోండి (ఒంటిమీద స్టాటిక్, అంటే రాపిడికి పట్టే కరెంటు, ఉంటే దిగిపోతుంది), ర్యామ్ రెండు చివర్ల క్లిప్పులు తెరిచి పలకను పైకి తీయండి. పిల్లల తెల్ల పెన్సిల్ రబ్బరుతో ఆ గీతలను రెండు వైపులా మెల్లగా రుద్దండి. ఇది బోర్డు మీద కాదు, దూరంగా కాగితం పరిచి చేయండి, రబ్బరు పొట్టు స్లాటులో పడితే మళ్ళీ అదో తలనొప్పి. పొడి బ్రష్‌తో దులిపి, పలక గాడి స్లాటులోని గాడికి సరిపోయేలా పెట్టి, రెండు వైపులా "టక్" అని వినపడేదాకా నొక్కండి. కొత్తవాళ్ళు భయపడి సగమే నొక్కుతారు. రెండు పలకలుంటే ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత రెండోది ఒక్కటే. ఒకటి పనిచేసి ఒకటి చేయకపోతే దొంగ దొరికినట్టే.

ఆన్ చేయగానే కూత వినిపిస్తే లెక్కపెట్టండి: ఎన్ని, పొడుగువా పొట్టివా. అర్థం బోర్డు కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి బోర్డు పేరుతో వెతకాలి. కొత్త బోర్డుల్లో కొన్నిటికి కూతకు బదులు సీపీయూ (ఇక్కడ డబ్బా కాదు, లోపల లెక్కలు చేసే ప్రాసెసర్ చిప్పు), డీర్యామ్ (అంటే ర్యామ్), వీజీఏ (బొమ్మ చూపించేది), బూట్ (డిస్క్ నుంచి లేవడం) అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏ లైటు ఆరకుండా ఉండిపోతే అక్కడే ఆగినట్టు.

పైవాటా ఆవిడ వాళ్ళబ్బాయి సిస్టమ్‌ని దుమ్ము దులపమని ఒక షాపులో ఇచ్చారు. ఇంటికి తెచ్చాక ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, బొమ్మ లేదు. మళ్ళీ తీసుకెళ్తే బోర్డు పోయిందన్నారట, ఆరు వేలు అడిగారట. నేను డోరు తీసి చూస్తే ప్రాసెసర్ పక్కన ఉండే నాలుగు పిన్నుల పవర్ ప్లగ్గు ఊడి వేలాడుతోంది. పెద్ద ప్లగ్గు ఉంటే ఫ్యాన్లు తిరుగుతాయి, ఈ చిన్నది లేకపోతే ప్రాసెసర్‌కి తిండి ఉండదు. కొన్నిటికి ఇది ఎనిమిది పిన్నులు. ఆవిడ ఆ రోజు ఫిల్టర్ కాఫీతో పాటు అప్పడాలు కూడా పెట్టింది.

అక్షరాలు పడ్డాయి, అక్కడే ఆగింది

బూట్ అయ్యే డిస్క్ దొరకలేదని ఇంగ్లీషులో ఒక లైను వస్తే ముందు పెన్‌డ్రైవ్ పీకండి. మరీ చిన్న విషయం, అయినా చెప్పకుండా ఉండలేను. తర్వాత డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల పేజీలు) వెళ్ళి, జాబితాలో మీ డిస్క్ పేరు ఉందో లేదో చూడండి. పేరు లేకపోతే డిస్క్ తీగలు తీసి పెట్టండి. పేరుండీ లేవకపోతే బూట్ వరస, అంటే ముందు దేన్నుంచి లేవాలో చెప్పే వరస, మారి ఉండొచ్చు. డిస్క్ నుంచి టిక్, టిక్ మని చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేయండి. మళ్ళీ మళ్ళీ ఆన్ చేస్తే మిగిలిన ఫైళ్ళు కూడా పోతాయి. అది డేటా తీసేవాళ్ళ పని.

తేదీ ఎప్పటిదో పాతది చూపించి ఎఫ్1 నొక్కమంటే బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. గడియారాల కొట్లో దొరుకుతుంది. తీసే ముందు బయాస్ పేజీలన్నీ ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. నేను తీసుకోలేదు. బ్యాటరీ మార్చాక సాటా మోడ్ అనే ఒక సెట్టింగ్ మారిపోయి విండోస్ నీలం స్క్రీన్ చూపించింది. డిస్క్ పోయిందని ఒక పూటంతా ఏడ్చినంత పని చేశాను, డిస్క్‌తో మాట్లాడే రెండు పద్ధతుల్లో అది ఏహెచ్‌సీఐయా ఐడీఈయా అన్నదే తేడా.

విండోస్ బొమ్మ దాకా వచ్చి చుక్కలు తిరుగుతూనే ఉంటే అరగంట ఓపిక పట్టండి, అప్‌డేట్ కావచ్చు. కాకపోతే చుక్కలు తిరిగేటప్పుడు పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ తనంతట తనే రిపేర్ పేజీ తెరుస్తుంది. అందులో స్టార్టప్ రిపేర్, చివరి అప్‌డేట్ తీసేయడం, సేఫ్ మోడ్ ఈ వరసలో చూడండి. అక్కడ 48 అంకెల బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) కీ అడిగితే కంగారు పడకండి, చాలామందికి అది వాళ్ళ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది, ఫోన్‌లోంచి లాగిన్ అయి చూడొచ్చు. ఫార్మాట్ చేస్తామని ఎవరైనా అంటే డిస్క్ ఊడదీసి, యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, ఫైళ్ళు తీసుకున్నాకే సరే అనండి.

ల్యాప్‌టాప్ గురించి నాకు తెలిసింది కొంచెమే. చార్జర్ పీకి పవర్ బటన్ ముప్పై సెకన్లు పట్టుకోవడం దానికీ పనిచేస్తుంది. ఆన్ అయినట్టు చప్పుడుండి స్క్రీన్ నల్లగా ఉంటే చీకట్లో ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి, మసక బొమ్మ కనిపిస్తే వెనక వెలుగు పోయినట్టు. కింది భాగం ఉబ్బి ఉంటే ముట్టుకోవద్దు, అది బ్యాటరీ.

ఏదైనా కొనాల్సి వస్తే మాకు మౌంట్ రోడ్ పక్కనున్న రిచీ స్ట్రీట్ ఉంది. పాత ముక్కను చేతిలో పట్టుకుని వెళ్ళండి. డీడీఆర్3 ర్యామ్ పలకకు గాడి ఒక చోట, డీడీఆర్4కి ఇంకో చోట, ఒకటి ఇంకోదాంట్లో దూరదు. నోటి మాటతో అడిగి తెచ్చుకుని నేను రెండుసార్లు బస్సు చార్జీలు దండగ చేసుకున్నాను. పాత ర్యామ్ కొంటే అక్కడే బోర్డుకు పెట్టి చూపించమనండి. ఆదివారం మాత్రం వెళ్ళకండి, చాలా షట్టర్లు దించి ఉంటాయి.

నోటుబుక్కులో చివరి పేజీ పోయిన మంగళవారంది. ఎదురింటి పిల్లాడిది. ప్రాజెక్టు ప్రింట్ తీస్తుండగా ఆగింది. మూడో గడిలో: "పెన్‌డ్రైవ్."