బూస్ట్ ఎక్కగానే బండి మిస్సింగ్: ప్లగ్ గ్యాప్ సంగతి చూడండి

స్టార్టింగ్ బాగుంటుంది, ఊళ్లో తిరిగేటప్పుడూ బాగుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే మాత్రం 3,500 ఆర్‌పీఎం దాటగానే వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు జర్కులు. కాలు తీస్తే మళ్లీ మామూలే. మిస్సింగ్ అంటే ఇదే, సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం. స్టేజ్ 1 ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి బలం పెంచడం) చేయించిన నా స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ కారు సరిగ్గా ఇలాగే ఇబ్బంది పెట్టింది.

ఆ సమయంలో చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతూ ఉంటే ఇంకా తొక్కకండి. కాలని పెట్రోలు పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. ప్లగ్గులతో పోయే ఖర్చు కన్వర్టర్ దాకా వెళ్తుంది.

ఎందుకిలా?

టర్బో సిలిండర్‌లోకి గాలిని ఎంత గట్టిగా కుక్కితే, ప్లగ్గు కొనల మధ్య స్పార్క్ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. ట్యూన్ చేశాక బూస్ట్ (టర్బో పెట్టే ఆ గాలి ఒత్తిడి) పెరిగింది, ప్లగ్గుకు వోల్టేజీ ఇచ్చే కాయిల్ మాత్రం పాతదే. పైగా వాడే కొద్దీ ఎలక్ట్రోడ్ (ప్లగ్గు కొన) అరిగి, కొనల మధ్య గ్యాప్ పెరుగుతుంది. చివరికి కాయిల్‌కు బలం చాలదు. ఐడిల్‌లో ఒత్తిడి తక్కువ కాబట్టి అదే ప్లగ్గు చక్కగా పనిచేస్తుంది. అందుకే షెడ్డులో నిలబెట్టి చూస్తే లోపం దొరకదు.

కాయిలా, ప్లగ్గా?

ఇంజిన్ లోపాల కోడ్లు చదివే స్కానర్‌లో పీ0302 వస్తే మిస్సింగ్ రెండో సిలిండర్‌లో. దాని కాయిల్‌ను మూడో దానితో మార్చి మళ్లీ నడపండి. కోడ్ పీ0303 అయితే తప్పు కాయిల్‌ది. కదలకపోతే ఈసారి ప్లగ్గులను అటూ ఇటూ మార్చండి. అప్పటికీ అక్కడే ఉంటే ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే దేనివల్ల తగ్గిందో తెలియదు. పీ0300 (ఒక్క సిలిండర్ అని తేలని మిస్సింగ్)తో పాటు అన్ని సిలిండర్ల కోడ్లూ వస్తే నేను ముందు గ్యాప్‌నే అనుమానిస్తాను.

గ్యాప్ ఎంత, ఎలా?

ఈ ఇంజిన్లలో చాలామంది వాడే ఎన్‌జీకే పీఎఫ్‌ఆర్8ఎస్8ఈజీ ప్లగ్గు 0.8 మి.మీ. గ్యాప్‌తో వస్తుంది. ట్యూన్ చేసిన బండికి సాధారణంగా 0.6 నుంచి 0.7 పెడతారు. నేను 0.65 పెట్టాను. మీ ట్యూనర్ ఒక అంకె చెబితే అదే పాటించండి. డబ్బాలోంచి తీసినవన్నీ సమానంగా ఉంటాయనుకోకండి. నావి కొలిస్తే ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయి.

నాణెంలా గుండ్రంగా ఉండే గేజ్‌ను మధ్యలో దూర్చి గ్యాప్ పెంచితే సన్నని మధ్య ఎలక్ట్రోడ్ దెబ్బతింటుంది. కొలవడానికి వైర్ గేజ్ వాడండి, వంచేటప్పుడు పైనున్న ఎలక్ట్రోడ్‌నే కొద్దికొద్దిగా వంచండి. జర్కు పోలేదని 0.5కు, ఇంకా కిందికి దించుకుంటూ పోవద్దు. స్పార్క్ చిన్నదై ఐడిల్‌లో వణుకు మొదలవుతుంది, నీరసించిన కాయిల్ అలాగే దాగి ఉంటుంది.

బిగించడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్గులు విప్పండి. హెడ్ అల్యూమినియంది, వేడి మీద మరలు పాడవుతాయి. కాయిల్ తీయగానే గుంతలోని దుమ్మును గాలితో ఊదేయండి. కొత్త ప్లగ్గును ముందు చేత్తోనే తిప్పాలి, పట్టేసినట్టు అనిపిస్తే వెనక్కి తీయండి. ఆ తర్వాత 16 మి.మీ. సాకెట్, టార్క్ రెంచ్‌తో 25 నుంచి 30 ఎన్‌ఎం. మరలకు గ్రీజు పూయవద్దు, అదే టార్క్‌కు అవసరానికి మించి బిగుసుకుంటుంది.

పాత ప్లగ్గులను సిలిండర్ వరుసలోనే పెట్టి చూడండి. లేత గోధుమ రంగైతే మంచిదే. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా స్పార్క్ సరిగా పడడం లేదు. పింగాణీ తెల్లగా మారి దాని మీద వెండిలా మెరిసే చిన్న చుక్కలు కనిపిస్తే అది గ్యాప్‌తో తీరే సమస్య కాదు, నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలినట్టు మండడం) వల్ల పిస్టన్ లోహమే కరుగుతోంది. కొత్త ప్లగ్గులు వేసి నడపకండి. బండిని అక్కడే ఆపి, ఆ నాలుగింటినీ ట్యూనర్‌కు చూపించండి.