పిల్లలకి హెడ్‌గేర్ పెట్టమన్నారా? ఇంట్లో ఎలా పెట్టాలో, ముఖ్యంగా ఎలా తియ్యాలో చూడండి

ఎత్తుపళ్ళున్న పిల్లల్ని పాలపళ్ళన్నీ ఊడాక చూపిద్దాంలే అని ఆగకండి, 7 ఏళ్ళకల్లా ఒకసారి ఆర్థోడాంటిస్ట్‌కి, అంటే పళ్ళ వరస సరిచేసే డాక్టర్‌కి చూపించెయ్యండి, చూపించినంత మాత్రాన ఆరోజే ఏదో పెట్టెయ్యరు. చూపించడానికి మన వైజాగ్‌లో రుషికొండ గీతం డెంటల్ కాలేజీ ఉంది, సంగివలసలో అనిల్ నీరుకొండ కాలేజీ ఉంది.

పై దవడ ముందుకి పెరిగిపోతుంటే దవడపళ్ళకి తగిలించే తీగా, దాన్ని వెనక్కి లాగి పట్టేలా మెడ వెనకో తల మీదో పట్టీ ఉండే హెడ్‌గేర్ పెడతారు. కింద పళ్ళే పై పళ్ళని దాటి ముందుకొస్తుంటే అది వేరే, నుదుటి మీదా గడ్డం మీదా ఆనే ఫేస్‌మాస్క్, ఇది 10 ఏళ్ళ లోపే బాగా పనిచేస్తుంది కాబట్టి లేట్ చెయ్యొద్దు. ఎత్తుపళ్ళకి మాత్రం అందరికీ అంత తొందరుండదు, చిన్నప్పుడే చేయిస్తే కింద పడ్డప్పుడు ముందుపళ్ళు విరిగే రిస్కు తగ్గుతుంది, మిగతా లాభం 12, 13 ఏళ్ళకి ఒకేసారి చేయించినా దాదాపు అంతే, అందుకే ఇప్పుడే ఎందుకు, తర్వాత పళ్ళకి క్లిప్పులు కూడా వెయ్యాలా అని డాక్టర్ గారిని అడిగేయండి.

హెడ్‌గేర్ మామూలుగా రోజుకి 12 నుంచి 14 గంటలు ఉంచమంటారు. స్కూల్‌కి పెట్టుకెళ్ళక్కర్లేదు, సాయంత్రం ఆటలయ్యి స్నానం చేశాక పెట్టేస్తే హోంవర్కూ నిద్రా కలిపి గంటలు వచ్చేస్తాయి. ఎన్ని గంటలు పెట్టారో క్యాలెండర్ మీద రాయండి, మధ్యమధ్యలో మానేస్తే మాత్రం పని జరగదు.

పెట్టేటప్పుడు పిల్లని అద్దం ముందు కూర్చోబెట్టి, వెనక దవడపళ్ళకి వేసిన రింగుల మీద చిన్న గొట్టాలుంటాయి కదా, తీగ కొనని ముందు ఒక పక్క గొట్టంలోకి, తర్వాత రెండో పక్క దూర్చి, తీగని వేలితో అలాగే పట్టుకుని ఉండి పట్టీ తగిలించాలి. తీసేటప్పుడు రివర్స్, ముందు పట్టీ రెండు పక్కలా విప్పాలి, ఆ తర్వాతే తీగ. పట్టీ ఉండగా తీగ లాగారో అది ఉండేలు రబ్బరులా వెనక్కొచ్చి కంటికి తగులుతుంది, నోట్లో సూక్ష్మజీవులుంటాయి కాబట్టి చిన్న గీతే అనిపించినా కంట్లో ఇన్ఫెక్షన్ పెరిగి చూపుకే ప్రమాదం, ఆ గంటలోనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. లాగితే దానంతటదే ఊడిపోయే సేఫ్టీ క్లిప్పు ఉన్న పట్టీయే ఇమ్మనండి, అది ఎలా ఊడుతుందో మీ ముందే చూపించమనండి. హెడ్‌గేర్‌తో క్రికెట్టూ వద్దు, తమ్ముళ్ళతో మంచమ్మీద కుస్తీలూ వద్దు.

మన ఊరి ఉక్కకి మెడ పట్టీ తడిసిపోయి చర్మం ఎర్రబడుతుంది, రెండో పట్టీ అడిగి తీసుకుని మార్చి మార్చి సబ్బుతో ఉతికి ఆరబెట్టండి, కింద మెత్తటి నూలు గుడ్డ పెట్టండి.

మొదటి నాలుగైదు రోజులు పళ్ళు సలుపుతాయి, ఇడ్లీ, పెరుగన్నం, మెత్తగా కలిపిన పప్పన్నం పెట్టండి. జీళ్ళు, పల్లీ చిక్కీ, బీచ్‌లో మొక్కజొన్న పొత్తు కొరకడం ఆపండి, రింగులు ఊడొచ్చేస్తాయి. దవడపన్ను కాస్త కదిలితే భయం లేదు. రింగు లూజైనా, తీగ వంగినా, నిద్రలో మాటిమాటికీ ఊడిపోతున్నా బలవంతంగా పెట్టకుండా క్లినిక్‌కి ఫోన్ చెయ్యండి, వెళ్ళినప్పుడు హెడ్‌గేర్ కూడా పట్టుకెళ్ళండి, అది చూడకుండా వాళ్ళు బిగువు సరిచెయ్యలేరు.