బాలింతకి కరోనా వస్తే పక్కలో పసిబిడ్డని ఏం చేయాలి?

బాలింతకి కరోనా అని తెలియగానే ఇంట్లో అందరూ అనే మాట ఒకటే, "బిడ్డని ఇటు ఇచ్చేయమ్మా, అమ్మమ్మ దగ్గర పడుకోబెడదాం" అని. ఆగండి, ముందు ఆ పని మానండి. 2021 మేలో మా చెల్లికి కాన్పయిన నాలుగో రోజున జ్వరం వస్తే మేమూ అదే చేశాం. రెండు రోజులు డబ్బా పాలు పట్టాం, ఈలోగా దానికి పాలు గడ్డకట్టి ఆ నొప్పికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది, తీరా టెస్టు చేయిస్తే బిడ్డని రాత్రంతా ఒళ్ళో పెట్టుకున్న మా అమ్మకీ పాజిటివే!

తల్లీబిడ్డల్ని విడదీయొద్దని, తల్లిపాలు ఆపొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం మొదట్లో విడిగా ఉంచితే మంచిదని అన్నా, ఆ ఏడాది జులైలో మాట మార్చుకుంది. కడుపులో ఉండగా బిడ్డకి అంటడం అరుదు. పుట్టాక అంటుకునేది ఎక్కువగా దగ్గరున్నవాళ్ళ దగ్గు, తుమ్ము, మాటల తుంపర్ల నుంచే. పాల ద్వారా అంటుతుందనడానికి రుజువు లేదు, పైగా వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు ఆ పాలలోనే బిడ్డకి చేరతాయి.

కాబట్టి పాలివ్వండి, కానీ పద్ధతిగా. బిడ్డని ఎత్తుకునే ముందు సబ్బుతో కనీసం 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి, ముక్కూ నోరూ పూర్తిగా మూసేలా మాస్కు పెట్టుకోవాలి, తడిస్తే మార్చాలి. ప్రతిసారీ రొమ్ము కడగక్కర్లేదు, దాని మీద దగ్గితేనో తుమ్మితేనో సబ్బునీళ్ళతో కడిగితే చాలు. పాలు తాగాక బిడ్డని ఉయ్యాల్లో పడుకోబెట్టి, ఆ ఉయ్యాలని అదే గదిలో వీలైనంత దూరంగా పెట్టండి, కిటికీ తెరవండి. తల్లి లేవలేని స్థితిలో ఉంటే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టొచ్చు, కాకపోతే పట్టేవాళ్ళకి జలుబు, దగ్గు లాంటివేమీ ఉండకూడదు, వాళ్ళూ మాస్కు పెట్టుకోవాలి. పిండిన పాలు మామూలు గది వేడిలో 4 గంటల దాకా ఉంటాయంటారు గానీ మన ఎండాకాలంలో అంతసేపు ఉంచకపోవడమే మేలు.

బిడ్డకి మాత్రం మాస్కు పెట్టకండి, రెండేళ్ళలోపు పిల్లలకి ఊపిరాడదు.

ఇక మన అలవాట్ల సంగతి. స్నానం చేయించే ఆవిడ బిడ్డ ముక్కులో, చెవుల్లో నోటితో ఊదుతుంది చూడండి, అది మామూలు రోజుల్లోనే మంచిది కాదు, ఇప్పుడైతే వైరస్‌ని నేరుగా లోపలికి పంపినట్టే. సాంబ్రాణి పొగ వద్దు, ఆవిరి పట్టొద్దు, కర్పూరం కలిసిన బామ్‌లు రాయొద్దు, తేనె నాకించొద్దు. ముక్కు మూసుకుపోయి పాలు తాగలేకపోతే మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు ఒకటి రెండు, పాలకి కాస్త ముందు వేయండి. చూడ్డానికి వచ్చే బంధువుల్ని మొహమాటపడకుండా ఆపండి, బారసాల వాయిదా వేసినా కొంపలేం మునగవు. పాతకాలంలో పురుడు పేరుతో బాలింత గదిలోకి ఎవర్నీ రానిచ్చేవాళ్ళు కాదు. కారణం వేరే అయినా ఈ ఒక్క విషయంలో నాకది నచ్చుతుంది.

చాలామంది పసిపిల్లలకి ఇది మామూలు జలుబులాగే వచ్చి పోతుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, గుండె జబ్బుతో పుట్టినవాళ్ళ విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. అయినా ఎవరి బిడ్డనైనా గమనిస్తూ ఉండాల్సిందే. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు పొట్ట కదలికలు చూస్తూ పూర్తి ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. పది సెకన్లు చూసి ఆరుతో గుణించకండి, పసివాళ్ళ ఊపిరి ఒకే తీరుగా ఉండదు, మధ్యలో కొన్ని సెకన్లు ఆగి మళ్ళీ మొదలవుతుంది. 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఇంకోసారి లెక్కపెట్టండి, మళ్ళీ అంతే ఉంటే ఆసుపత్రికి బయల్దేరాల్సిందే. డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, మూలుగుతున్నా, పెదాలు నీలంగా మారినా, లేపినా లేవకుండా పాలు మానేసినా లెక్కలతో కూర్చోకండి. ఐదో రోజు దాటాక రోజుకి ఆరుసార్లయినా ఉచ్చ పోయాలి, తగ్గిందంటే పాలు అందడం లేదని.

చేత్తో నుదురు తాకి జ్వరం తేల్చకండి, డిజిటల్ థర్మామీటర్ చంకలో పెట్టి చూడండి. 99.5 దాటితే చుట్టిన దుప్పట్లు కాస్త వదులు చేసి పావుగంటలో మళ్ళీ చూడండి, తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి, 100.4 ఉంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికే. ఒళ్ళు చల్లబడటమూ అంతే ప్రమాదం. 97.7 కంటే తక్కువుంటే తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పండి, అయినా పెరగకపోతే ఆలస్యం చేయొద్దు. పెద్దపిల్లల కోసం తెచ్చిన పారాసెటమాల్ సిరప్ ఫ్రిజ్‌లో ఉంది కదా అని రెండు చుక్కలు పట్టేయకండి, ఈ వయసులో డాక్టరు చెప్పకుండా ఏ మందూ వద్దు.

ఆసుపత్రికి బయల్దేరే ముందు పసిపిల్లల వార్డు ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, తల్లికి కరోనా అని ఫోన్‌లోనే చెప్పేయండి, లేకపోతే గేటు దగ్గర వాదనతో అరగంట పోతుంది. బండి లేకపోతే 108. డిశ్చార్జి కాగితాలు, టెస్టు రిపోర్టు, బిడ్డ పుట్టిన బరువు రాసిన కార్డు ఒక కవర్లో పెట్టుకోండి, దారిలో కూడా బిడ్డని తల్లి దగ్గరే ఉంచండి.